పానకం తాగిన సిమెంటు

మొన్న మా మేడ మీద గది కడుతున్న మేస్త్రి, తాగగా మిగిలిన చాయ్‌ని అప్పుడే కలిపిన సిమెంటు మాలు మీదికి అలవాటుగా విసిరేసరికి, నేను కుర్చీలోంచి లేచిన వేగానికి నా మోకాళ్లే ఆశ్చర్యపోయాయి. ఆ మాలు పారబోయమని నేను, పారబోయనని అతను, కాసేపు వీధికి మంచి కాలక్షేపం కల్పించాం.

"ఏంది సారూ, గుక్కెడు చాయ్‌కు గింత లొల్లా? సిమెంటుకేమన్న షుగర్ బీమారొస్తదా?" అన్నాడు. కూలీలంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఖాళీ సంచీ తిప్పి చూస్తే అది నేను పనిచేసిన కంపెనీదే, కాకపోతే పేరు మూడోది, కింద చిన్న అక్షరాల్లో ఏవేవో దేశాల పేర్లు. చివరికి ఆ మాలే గోడకెక్కింది. ఆ సాయంత్రం దాకా కూర్చుంటే లేవాలనీ, లేస్తే మేడ ఎక్కి మాలు గట్టిపడిందో లేదో చూడాలనీ ఒకటే ఆరాటం. మెట్లు ఎక్కీ దిగీ ఇంట్లోవాళ్లను కూడా విసిగించాను.

ఏన్కూరు దాటి అడవి దారి పట్టే చోట మా ఫ్యాక్టరీ పెట్టినప్పుడు దానికి ఒకే ఒక్క కిల్ను, అంటే సున్నపురాయిని కాల్చే, మెల్లగా తిరిగే పొడవాటి ఇనుప గొట్టం. ఆ మంటను నీలం అద్దంలోంచి చూసి, రంగును బట్టి బొగ్గు పెంచాలో తగ్గించాలో చెప్పే బర్నర్ మా అక్క మగడు, అంటే మా బావ. తయారైన సిమెంటు గట్టిదో కాదో తేల్చే లాబ్‌కు పెద్ద మా మేనమామ. బీయస్సీ పాసై ఊరికే తిరుగుతున్న నన్ను ఆ లాబ్‌లో పెట్టించిందీ ఆయనే. బహుళజాతి కంపెనీ అనే మాట మేమింకా వినలేదు, మాది బంధుజాతి కంపెనీ.

తరువాత హైదరాబాదు వాళ్లు కొని రెండో కిల్ను వేశారు. సంచీ మీద ఏనుగు బొమ్మ పోయి కోట బొమ్మ వచ్చింది. జీతం ఆగలేదు కనుక కోట ఎవరిదైతేనేం అనుకున్నాం. ఆ పైన విదేశీ కంపెనీ వస్తోందని తెలిసినప్పుడు మాత్రం ఎవరికీ నిలకడ లేదు. క్యాంటీన్‌లో చాయ్ చల్లారిపోయేది, గేటు దగ్గర కారు ఆగితే చాలు షిఫ్టు మొత్తం కిటికీల్లోంచి తొంగిచూసేది.

చివరికి వాళ్ల తరఫున ఒక ఇంజనీరమ్మ వచ్చింది. వయసులో మా అందరికంటే చిన్నది, మాట మాత్రం కొలిచి మాట్లాడేది. ఒకే సంచీలోని సిమెంటును రెండు భాగాలు చేసి, ఒకటి పట్నంలోని తమ లాబ్‌కు పంపింది, ఒకటి మాకిచ్చింది. ఇసుకా నీళ్లూ కలిపి ఇనుప అచ్చుల్లో పోసి, మర్నాటికి గట్టిపడ్డ ఘనాలను నీళ్ల తొట్టిలో నానబెట్టి, కొన్ని రోజులకొకసారి మిషనులో పగలగొట్టి బలం చూడడమే పరీక్ష. రెండు చోట్లా బలం చాలినంతగా, ఒకేలా వస్తే మా లాబూ, మా బావ నీలం అద్దమూ ఉంటాయి. రాకపోతే కిల్ను దగ్గరికి వాళ్ల మనుషులు వస్తారు.

అచ్చులు పోయాల్సిన రోజు శ్రీరామనవమి. భద్రాద్రిలో కల్యాణం జరుగుతుంటే మేం డ్యూటీలో ఉన్నామని అక్క బిందెడు పానకం పంపింది. అందరం తాగాం. నాకు భయం తీరలేదు. మామ అటు తిరగ్గానే, బలం బాగా రావాలని రాముణ్ని తలుచుకుని, కలిపే నీళ్లలో ఒక గ్లాసెడు పానకం పోశాను. చక్కెర కలిస్తే సిమెంటు త్వరగా గట్టిపడదని కాలేజీలో చదవకపోలేదు. ఇది చక్కెర కాదు, బెల్లం కదా, అందులోనూ ప్రసాదం కదా అనుకున్నాను. నా కెమిస్ట్రీ డిగ్రీ విలువ అంత.

మర్నాడు ఇంజనీరమ్మ ఎదుట మామ మొదటి అచ్చు విప్పి బొటనవేలితో నొక్కాడు. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"ఏందిరా అల్లుడా ఇది, సిమెంటా హల్వానా?" అన్నాడు మామ, నా వైపు చూడకుండానే.

ఇంజనీరమ్మ నవ్వలేదు. నోటు పుస్తకం తెరిచి, ఆ షిఫ్టులో బర్నర్ ఎవరని అడిగింది. తలుపు బయట బావ నిలబడి ఉన్నాడు. పక్కనున్నవాడితో గొంతు తగ్గించి, "మంట మంచిగనే ఉండె, నా కండ్లే పోయినయా ఏంది?" అంటున్నాడు. జేబులోంచి నీలం అద్దం తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టి, మళ్లీ తీస్తున్నాడు. నోరు మూసుకుని ఉంటే నేను బతికిపోతాను. ఆ అద్దం మూడోసారి బయటికి వచ్చినప్పుడు నేను చెప్పేశాను.

"బామ్మర్దీ, రాముడికి నా మీద గింత కోపమున్నదని తెల్వకపాయె" అని బావ అనేసరికి అందరికీ ఊపిరి ఆడింది. ఇంజనీరమ్మ పానకమంటే ఏమిటని అడిగింది. బిందె అడుగున మిగిలింది గ్లాసులో పోసి ఇస్తే తాగి, ఇంకొంచెం ఉందా అంది. తరువాత చేతులు కడుక్కుని, తన ఎదుటే మళ్లీ అచ్చులు పోయమంది. ఈసారి నీళ్లు ఆమే కొలిచింది. చివరి ఘనం పగలగొట్టే ఇరవై ఎనిమిదో రోజు దాకా నేను తొట్టి చుట్టూ చేసిన ప్రదక్షిణలు ఏ గుడి చుట్టూ చేసినా మోక్షమే వచ్చేది. ఫలితాలు కలిశాయి, బావ ఉద్యోగం నిలిచింది.

లాబ్ గోడకు కొత్త బోర్డు కూడా వచ్చింది: తినుబండారాలు, పానీయాలు, ప్రసాదాలు నిషేధం. ఆ విదేశీ కంపెనీ ఇంతగా ఎదగడంలో నా వంతు ఏమైనా ఉందంటే అందులోని మూడో మాట.

ఈమధ్య కాగితాల పని మీద వెళితే గేటు దగ్గర నా మెడకు విజిటర్ కార్డు తగిలించారు. కిల్ను మంటను ఇప్పుడు కెమెరాలు చూస్తాయి. లాబ్‌లో ఒక ఇనుప చేయి అచ్చులు నింపుతోంది, పక్కన ఒకే ఒక్క పిల్ల తెర చూస్తూ కూర్చుంది. బోర్డు అలాగే ఉంది. ప్రసాదం ఎందుకు రాశారో అని ఆ అమ్మాయి నన్నే అడిగింది. చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆమె ఫోను మోగింది. బావ పోయి చాలా కాలమైంది, మామ అంతకుముందే.

పానకం తాగిన ఆ ఘనాల్లో ఒకదాన్ని మామ పారేయకుండా తొట్టి మూలన వదిలేశాడు. తీరుబడిగా కొన్ని రోజులకు అది కూడా రాయిలా గట్టిపడింది. ఇప్పుడది మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంటుంది. దాని మీద మామ నొక్కిన గుంట ఇంకా ఉంది. మనసు నిలవనప్పుడు అందులో నా బొటనవేలు పెట్టి చూస్తుంటాను. మామ వేలు లావు, ఎప్పుడు పెట్టినా చుట్టూ కాస్త చోటు మిగిలిపోతుంది.