దారం తెగితే ఆగే మగ్గం

మా కారు జపాన్ కంపెనీది. పేరెందుకు గానీ, హనుమకొండ చౌరస్తాలో ఐదు నిమిషాలు నిలబడితే అలాంటివి అరడజను మీ కళ్ళముందే పోతాయి. మేం కొన్నది సెకండ్ హ్యాండ్. నాది హసన్‌పర్తి అవతల ఒక పల్లెలో బడిపంతులమ్మ ఉద్యోగం. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవడం, మొదటి గంటకు ఆలస్యం కావడం, హెడ్మాస్టరు గడియారం వంక చూస్తే నేను ముఖం మాడ్చుకోవడం, ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఒక వానాకాలం పొద్దున చెప్పు బురదలో ఇరుక్కుని పుటుక్కున తెగింది. అక్కడే ఒంటి చెప్పు మీద నిలబడి మా ఆయనకు ఫోన్ చేసి కారు కొంటున్నామని చెప్పాను. అడగలేదు, చెప్పాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయనకు తెలుసు కనుక సరేనన్నాడు.

అమ్మినాయన బదిలీ మీద వెళ్తున్న బ్యాంకు మేనేజరు. తాళాలు చేతిలో పెట్టుకుని ముప్పావు గంట ఆ కారు గుణగణాలు చెప్పాడు. ఎన్నడూ దారిలో నిలబెట్టలేదట. టైర్లు, బ్యాటరీ తప్ప ఏదీ మార్చలేదట. ఆయన భార్య తడిగుడ్డ తెచ్చి అద్దం మీది కాకిరెట్ట తుడిచి, బానెట్ మీద కాసేపు చెయ్యి ఆనించి, లోపలికి పోయింది. వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. నేను బాగున్నానా అని కాదు, కారు బాగుందా అని.

ఈ కార్లవాళ్ళంతా ఇంతే. పెట్రోల్ బంకులో పక్కన ఆగినవాడు, ముక్కూ మొహం తెలియనివాడు, అద్దం దించి లీటరుకు ఎంతిస్తోందని అడుగుతాడు. చెప్తే తనది అంతకన్నా ఎక్కువే ఇస్తుందని సంతోషంగా పోతాడు. మా ఎదురింటి మిర్చి వ్యాపారి అలాంటి కారులోనే బస్తాలు మోస్తాడు. అందులో కూర్చుంటే తుమ్ములు ఆగవు, కళ్ళలో నీళ్ళు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, ఇది ఏం తప్పు చేసిందని అమ్మాలి అని నన్నే అడిగాడు.

మా కారు మెచ్చనివాడు ఒక్కడే, నన్ను కన్న మా బాపు. నేతగాళ్ళుండే కొత్తవాడలో నేల మీద పరిచే జంపఖానాలు నేసే మనిషి. మరమగ్గాలు వచ్చి తోటివాళ్ళ చేతుల్లో పని లాక్కుపోయాయి కనుక మోటారు అనే మాటే ఆయనకు గిట్టదు. పైగా అప్పటికి ఆయన మనసు బాగాలేదు. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఒక కన్ను బాగానే వచ్చింది, రెండోది సగమే. ఆ తర్వాత నేసిన జంపఖానా ఒకటి, అంచు వంకరపోయిందని కొన్నవాళ్ళు వెనక్కి పంపారు. బాపు దాన్ని మడిచి అటక మీద పెట్టి, కాళ్ళు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి లేచాడు. మళ్ళీ ఏడాది దాకా అందులోకి దిగలేదు. పొద్దంతా గడప దగ్గర కూర్చుని ఎదుటి ఇంట్లో ఆడే మగ్గం చప్పుడు వింటుండేవాడు. అమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం కూడా మూలన పడింది. నాకు ఆ ఇంటికి పోవాలంటేనే కాళ్ళు బరువెక్కేవి.

కారు చూపించడానికి తీసుకెళ్ళిన రోజు బాపు గడప దిగలేదు. అప్పుడు మేనేజరు చెప్పిన ముచ్చట గుర్తొచ్చి చెప్పాను. ఈ కంపెనీ ముందు కార్లు చేయలేదు బాపూ, మగ్గాలు చేసిందట అన్నాను. మొదలుపెట్టినాయన ఒక వడ్రంగి కొడుకట. వాళ్ళమ్మ రోజంతా మగ్గం మీద పడే కష్టం చూసి, కొయ్యతో కొత్త మగ్గం చేశాడట. ఆ తర్వాత చేసిన వాటిలో ఒకటైతే, పడుగు నిలువు దారాల్లో ఒక్కటి తెగినా చాలు, తనంతట తానే ఆగిపోయేదట. కార్లు ఆయన కొడుకు కాలంలో వచ్చాయట.

బాపు తల తిప్పాడు. తెగినట్టు దానికెట్ల తెలుస్తదని అడిగాడు. ఒక్కో దారానికి ఒక పలచటి ఇనుప రేకు వేలాడుతుందట, దారం బిగువుగా ఉన్నంతసేపు రేకు పైన ఉంటుంది, తెగితే కింద పడుతుంది, రేకు పడితే మగ్గం ఆగుతుంది అని చెప్పాను. ఆయన గాల్లోనే వేళ్ళతో ఒక దారం పట్టుకుని, వదిలి, చూసుకున్నాడు. తర్వాత లేచి వచ్చి కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

అంతే, ఆ రోజు నుంచి వాడకట్టులో ఆయన నోట ఒకటే మాట. మా బిడ్డ కారు మగ్గపోళ్ళది. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, ఎవరు దొరికితే వాళ్ళకు రేకు కథ చెప్పేవాడు. నెల తిరక్కుండా మగ్గం గుంట తుడిచి, అందులో దిగాడు. అమ్మ ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపించింది. నేను స్టాఫ్ రూంలో ఉన్నాను. అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

నేసింది నా కారు కోసమే. డ్రైవరు కాళ్ళకింద పరిచే చిన్న జంపఖానా. జానలతో కొలిచి, మందంగా, ఎర్రగీతా నల్లగీతా వేసి నేశాడు. కారుతో వచ్చిన రబ్బరు చాపకు, జరగకుండా, కింద కొక్కేలుంటాయి. దాని మీద దీన్ని తన చేత్తోనే పరిచాడు. ఒకవైపు గీత సన్నబడి, ఇంకోవైపు లావెక్కింది. నాకు కనిపించింది. ఎట్లున్నదని అడిగితే, మస్తుంది బాపూ అన్నాను.

పదిరోజులకు హసన్‌పర్తి చెరువు దాటాక, రోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు. బ్రేకు మీద కాలేస్తే అది సగమే దిగింది. కింద మెత్తగా ఏదో అడ్డం. హ్యాండ్‌బ్రేకు లాగితే కారు పోయి వడ్ల కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. కుప్ప యజమానురాలు పార తీసుకుని వచ్చి, కండ్లు నెత్తికెక్కినయా అని మొదలుపెట్టి నా ఏడుతరాలను కడిగింది. నోరు పెద్దదని పేరున్న నేను ఆ రోజు మారుమాట్లాడకుండా చీపురు తీసుకుని వడ్లు ఊడ్చాను.

తిన్నగా మెకానిక్ దగ్గరికి పోయి బ్రేకులు చెడిపోయాయని కస్సుమన్నాను. అతను వంగి చూసి, పెడలు కింద ముద్దయిన జంపఖానాను బయటికి లాగాడు. రబ్బరు మీద నూలు నిలవదు, ముందుకు జరుగుతుంది అని చెప్పాడు.

"అక్కా, బ్రేకు బంగారమోలె ఉన్నది. దీన్ని గోడకేసుకో, కాళ్ళకింద మాత్రం వద్దు," అన్నాడు.

బాపుకు చెప్పేద్దామనే బయల్దేరాను. ముందు అమ్మకు చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయింది. ఏడాదికి కూర్చున్నాడు, నేసిన మొదటిదే నీ ప్రాణం మీదికి తెచ్చిందంటే ఈ జన్మలో మళ్ళీ కూర్చోడు, నీకు దండం పెడతా చెప్పకు అంది. లోపల మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు వింటూ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక నా తిప్పలు చూడాలి. జంపఖానా డిక్కీలో ఉండేది. బాపు ఇంటికి పోయినప్పుడల్లా వాడకట్టు మలుపులో కారు ఆపి, డిక్కీ తీసి, దాన్ని కాళ్ళకింద పరిచి, మడమతో తొక్కిపట్టి మిగిలిన నాలుగు ఇళ్ళ దూరం నత్తలా నడిపేదాన్ని. వచ్చేటప్పుడు మళ్ళీ మలుపులో తీసి లోపల పడేసేదాన్ని. అక్కడి ఇస్త్రీ బండామె నన్ను చూసి, ఈ పంతులమ్మకు ఏదో పట్టిందనుకుని ఉంటుంది. మా ఆయనకు చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇట్లా నాలుగు నెలలు.

అప్పుడు ఏటూరునాగారంలో బంధువుల పెళ్ళి వచ్చింది. నేనూ మా ఆయనా అమ్మనూ బాపునూ ఎక్కించుకున్నాం. బాపు ముందు సీట్లో కూర్చున్నాడు, కాబట్టి జంపఖానా తన స్థానంలో ఉంది. పోనూ రానూ నేనే నడపాలనీ, మడమ ఎత్తొద్దనీ అనుకున్నాను. ములుగు దాటాక టీకి ఆగాం. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి మా ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతున్నాడు. అలసిపోయావు, వెనక కూర్చో అన్నాడు. దిగమంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్తే పక్కన బాపు వింటాడు. ఒక్క నిమిషం తలుపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వెనక్కి పోయి అమ్మ పక్కన కూర్చున్నాను. నా బతుకులో చేసిన తప్పుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. తెలిసి చేశాను.

అడవి మొదలైంది. దారి సాఫీగా ఉంది, కారు వేగంగా పోతోంది. ఒక మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఆవుల మంద. మా ఆయన బ్రేకు తొక్కడం, భుజం బిగుసుకోవడం, మళ్ళీ తొక్కడం వెనక నుంచి చూశాను.

"కాళ్ళకింద జంపఖానా," అని అరుస్తూ రెండు సీట్ల మధ్యలోంచి దూరి హ్యాండ్‌బ్రేకు లాగాను. కారు అడ్డం తిరిగి, మట్టిలోకి దిగి, ఒక ఎర్రావు కడుపుకు మూరెడు దూరంలో ఆగింది. ఆవు మమ్మల్ని చూసి, తోక ఊపుకుంటూ పోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆయన నావైపు తిరిగి, నీకెట్లా తెలుసని అడిగాడు. అప్పటికే బాపు దిగి, అటువైపు తిరిగి వచ్చి, వంగి ఆ ముద్దను బయటికి లాగాడు. రోడ్డు పక్కన నిలబడి విప్పాడు. బొటనవేలితో దాని మీద రుద్దాడు. అన్ని నెలలు కాళ్ళకింద ఉన్న నూలు నలగాలి, మట్టి పట్టాలి. అది నేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావని అడిగాడు. నాలుగు నెలలని చెప్పాను. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

పెళ్ళిలో అందరితో బాగానే మాట్లాడాడు. నాతో తప్ప. తిరుగు ప్రయాణంలో అమ్మ తప్పంతా తనదేనని, చెప్పొద్దన్నది తనేనని చెప్పింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కొత్తవాడలో దింపి నేను వెళ్ళబోతుంటే ఆగమన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా కండ్లు పోయినయని నాకు ఎరుకనే బిడ్డా. గీత వంకర పోయినా నాకు కానరాదు, నూలు జారినా తెల్వది. ఆ రేకు ముచ్చట చెప్పింది నువ్వే కదా. నేను కూసున్న మగ్గానికి నువ్వే రేకు అనుకున్న. రేకే పడకుంటే నేనెట్ల ఆగాలె? అల్లుణ్ణి గిట్ల చంపుకుందునా?"

ఆయన బాధపడతాడని దాచాననుకున్నాను ఇన్నాళ్ళు. అసలు ఆయన ముందు చెడ్డదాన్ని కావడం నాకు ఇష్టం లేకపోయింది. ఊరందరి మీద ఎగిరిపడే నోరు, అవసరమైన ఒక్క చోట మూసుకుంది. సిగ్గుతో ఇంటికి వచ్చాను.

పదిహేను రోజులు ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు. పదహారో రోజు అమ్మ రమ్మని ఫోన్ చేసింది. పోయేసరికి బాపు గుంటలో ఉన్నాడు. పాతదాన్ని మొత్తం ఊడదీసి, ఆ నూలుకు ఇంకొంత కలిపి కొత్తది మొదలుపెట్టాడు. వెనక సీటు మీద పరిచేదట, కాళ్ళ జోలికి పోదట. సగం అయింది. నన్ను దగ్గరికి రమ్మని, ఎట్లున్నదని అడిగాడు.

వంగి చూశాను. ఎడమవైపు అంచులో, ఎర్రగీత పక్కన, పడుగు దారం ఒకటి తెగి ఉంది. అది కనిపించక నాలుగు వరుసలు పైకి పోయాడు. అమ్మ రాట్నం ఆపి నా వంకే చూస్తోంది. వద్దని తల కూడా ఊపింది.

"ఇక్కడ తెగింది బాపూ," అని వేలు పెట్టి చూపించాను.

ఆయన నా వేలు జరిపి, అక్కడ తన బొటనవేలు పెట్టి తడుముకున్నాడు. దొరికింది. ఆ నాలుగు వరుసలు ఒక్కొక్కటే ఊడదీశాడు, తెగిన కొసలు రెండూ ముడేశాడు, ముడి బిగిసిందో లేదో లాగి చూశాడు.

"ఇంకేడన్న ఉన్నదా, జర మంచిగ సూడు," అని, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.