మా పక్కింటక్క దిద్దించిన వంకర సంతకం

కువైట్‌లో ఉన్న మనవాళ్ళందరూ బాగున్నారా? రుమైథియా ఇళ్ళలో మేడమెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకుంటున్న అక్కచెల్లెళ్ళు ఎలా ఉన్నారు? పడుకునే ముందు ఇంత నూనె కాచి రాసుకుంటున్నారా? షువైఖ్ గ్యారేజీల్లో ఎండలో నిలబడే తమ్ముళ్ళకు కళ్ళమంటలు తగ్గాయా? రిగ్గైలో ఉండే మా కడప పిల్లకు నెలలు నిండాయి, కాళ్ళ వాపులు దిగాయో లేదో. ఊళ్ళో ఉన్న మీ పెద్దవాళ్ళు మాత్రలు మానకుండా మింగుతున్నారా? నా సంగతంటారా, బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తురాక రోజూ బీపీ తెచ్చుకుంటున్నాను. ఇలా పేరుపేరునా మనందరి ఒంట్లో సంగతి కనుక్కునే మనిషి ఒకతి ఉండేది. మా పక్కింటక్క. ఆమె పోయింది.

పోయిన వారం బియ్యం కడుగుతూ ఉంటే ఆమె చెల్లెలి కూతురు ఫోనులో మాట పంపింది. "పిన్నిగారూ, పెద్దమ్మ మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిందండి. టీ పెట్టి లేపితే లేవలేదండి." అంతే ఉంది. అది విని నేను ముందు చేసిన పని, పొయ్యి ఆపానా లేదా అని చూసుకోవడం. నా బుద్ధి అలాంటిది. ఆ తరువాతే ఏడుపు వచ్చింది.

ఆమె గురించి మన తెలుగువాళ్ళ సంచికకు ఏదైనా రాయమన్నారు. నేను రెండో తరగతితో బడి మానేసిన దాన్ని. తప్పులుంటే దిద్దుకోండి. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అదీ ఆమె చలవే.

ఆమెది కోనసీమ, నాది రాజంపేట పక్క పల్లె. రుమైథియాలో ఆమె ఒక ఇంట్లో వంటమనిషి, ఆ పక్కింట్లో నేను. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే మధ్యలో పిట్టగోడ ఒకటే అడ్డం. మొదటిసారి చూసినప్పుడు ఆమె ఆ మిద్దె మీద చల్ల మిరపకాయలు ఎండబెడుతోంది. "మా ఊళ్ళో వారం పట్టేదే. ఇక్కడ పొద్దున పోస్తే సాయంత్రానికి గలగలమంటాయి. ఈ ఎండని ఊరికే పోనిస్తామా ఏంటి?" అంది. కువైట్ ఎండను మెచ్చుకున్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆమెకొక అలవాటు ఉండేది. పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం సర్ది లోపలికి పంపే ముందు, చిన్న గిన్నెలో తనకు కొంచెం తీసి మూత పెట్టుకునేది. ఇంటావిడకు చెప్పే తీసేది, దాచి కాదు. "వండిన చెయ్యి ఆకలితో ఉండకూడదే. మిగిల్తే తిందామనుకున్నావో, ఏదీ మిగలదు" అనేది. ఆమె అన్నం గురించే చెబుతోంది అనుకునేదాన్ని చాలాకాలం.

శుక్రవారాలు సెలవు దొరికితే ఇద్దరం పార్కులో కూర్చునేవాళ్ళం. నాకు చదవడం కూడబలుక్కుంటూ వచ్చేది, రాయడం వచ్చేది కాదు. పాస్‌పోర్టు కోసం ఎప్పుడో మా ఊరి ఏజెంటు కూర్చోబెట్టి నేర్పిన వంకర సంతకం తప్ప చేతికి ఏమీ తెలియదు. అక్క పట్టుబట్టి గుండ్రంగా దిద్దించింది. నా పేరు నేను అందంగా రాసుకున్న రోజున ఆ కాగితం మడిచి జాకెట్‌లో పెట్టుకున్నాను.

అలాంటి ఒక శుక్రవారమే నా ఫోనులో బ్యాంకు నుంచి ఏదో సందేశం వచ్చింది. నాకు ఫోను మోగితేనే గుండె జారుతుంది. అక్క చదివి, "నీ డిపాజిట్ వడ్డీలో పన్ను కోసుకున్నారే" అంది.

"పన్నా? నేనేం తప్పు చేసినానక్కా?"

"తప్పు కాదే పిచ్చిదానా. ఊళ్ళో ఉండేవాళ్ళకిచ్చే రకం ఖాతాలో వేస్తున్నావు, వాళ్ళ లెక్కే నీకూ కట్టారు. నువ్వు ఉండేది ఇక్కడ. బయటి దేశంలో ఉన్నవాళ్ళకి ఎన్నారీ ఖాతా అని వేరే ఉంది. దాని వడ్డీ మీద మన దేశంలో పన్ను లేదు. నాకూ ఎవరో చెబితేనే తెలిసిందిలే."

నా మనసులో ఉన్న ఆశ మీకు చెప్పాలి. మా ఆయన లేడు, పిల్లలు లేరు. ఊళ్ళో తమ్ముడున్నాడు, వాడి సంసారం వాడిది. ఒళ్ళు వంగని రోజు వచ్చినప్పుడు ఒక గది అద్దెకు తీసుకుని, నా మందులు నేను కొనుక్కుని, ఎవరి గుమ్మం ముందూ కంచం పట్టుకోకుండా పోవాలి. ఆ వడ్డీ మీదే ఆ బతుకంతా ఆధారం. అందుకని ఖాతా తెరవాలనే ఉంది. కానీ బ్యాంకు మనిషికి అసలు పాస్‌పోర్టు చూపించాలి. అది మామా బీరువాలో ఉంది.

మామా అంటే మా ఇంటావిడ. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఈ ఇబ్బంది తెలుసు. ఊరికి పోయేటప్పుడు తప్ప పాస్‌పోర్టు ఊసు ఎత్తము. ఊరికే అడిగామంటే పారిపోతుందనో, వేరే ఇల్లు చూసుకుందనో అనుకుంటారు. ఆ అనుమానం ఒకసారి పడితే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా మళ్ళీ వేయించరేమో, విమానం ఎక్కిస్తారేమో.

"మామాని పాస్‌పోర్టు అడగాలంట గదక్కా. అడిగేది నా వల్ల కాదు. నా భయం నీకు తెలీదు."

"ఎందుకు తెలీదు, దాంతోనే కదా నీకు కాపురం" అని నవ్వింది పక్కింటక్క. "ఆ భయాన్ని కూడా తీసుకెళ్ళు, దానికేమీ వేరే టికెట్టు అక్కర్లేదు. డ్రైవర్ని వెంట పంపమను. పొద్దు కుంకేలోపు పాస్‌పోర్టు మళ్ళీ ఆవిడ చేతిలో పెడతానని చెప్పు. ఇంక ఆవిడకి మాత్రం బెంగేముంటుంది?"

మామా టీ తాగి స్థిమితంగా ఉన్నప్పుడు అడిగాను. "లేష్?" అంది, ఎందుకని. బ్యాంకు అన్నాను. ఆమె కప్పు పక్కన పెట్టింది. ఖాతా ఎవరి పేరు మీద, మీ తమ్ముడి పేరు మీదనా అని అడిగింది. "నా పేరు మీద మామా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఆమె లేచి వెళ్ళి బీరువా తీసింది.

ఆ శుక్రవారం అక్క ఇస్త్రీ చీర కట్టి, తలలో పూలు లేకపోయినా ఉన్నంత ఠీవిగా బయలుదేరింది. పెళ్ళికా అని డ్రైవరు హిందీలో అడిగితే, "మరే, పెళ్ళికూతురిని తీసుకెళ్తున్నా" అని నన్ను చూపించింది. రిగ్గైలో మన దేశపు బ్యాంకు వాళ్ళ ఆఫీసు ఉంది, మనలాంటి పనివాళ్ళ కోసం శుక్రవారం కూడా తీస్తారు. కాగితాల నిండా సంతకాలు పెట్టమన్నారు. పార్కులో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటీ ముత్యాల్లా పెట్టాను. బల్ల వెనక కూర్చున్న బ్యాంకు అబ్బాయి పాస్‌పోర్టు చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు.

"అమ్మా, ఇది మీ సంతకం కాదు."

"నాదే నాయనా, నీ ముందరే గదా పెడితి."

"పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉండాలమ్మా. బాగా చూసుకుని వచ్చే శుక్రవారం రండి. పాస్‌పోర్టు మళ్ళీ తీసుకురావాలి."

ఒకసారి అడగడానికే ప్రాణం పోయింది, మళ్ళీనా? కార్లో అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "చదువుకుని చెడిపోయావు కదే" అంది. నాకు కోపం వచ్చి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. దిగేటప్పుడు తనే నా చెయ్యి పట్టుకుని, "దిద్దించింది నేనే కదా, చెరిపించేదీ నేనే. బెంగెట్టుకోకు" అంది. పాస్‌పోర్టులోని సంతకాన్ని ఫోనులో ఫొటో తీసుకుని ఉంచింది.

ఆ వారమంతా పిట్టగోడ మీద పళ్ళెంలో గోధుమపిండి పరిచి, వేలితో ఆ పాత వంకర అక్షరాలు మళ్ళీ దిద్దించింది. మంచిగా రాయడం కంటే చెడ్డగా రాయడం కష్టం, నమ్మండి. చెయ్యి తిన్నగా పోతే వేలి మీద కొట్టేది. "ఇంకా వంకర. ఇంకొంచెం భయపడుతూ రాయి. నీకు రాకపోవడమేంటి?" అనేది. పిండిని మాత్రం పారేసేది కాదు, జల్లించి చపాతీలు చేసేది.

మళ్ళీ పాస్‌పోర్టు అడగడానికి వెళ్ళినప్పుడు పెన్నూ కాగితమూ తీసుకుపోయాను. మామా ముందు కాగితం పెట్టి రెండు సంతకాలూ రాసి చూపించాను. ఇది బాగుంది, బ్యాంకు వద్దంది. ఇది బాగాలేదు, ఇదే కావాలంది. నాకు వచ్చిన అరబీలో అంతే చెప్పగలిగాను. మామా రెంటినీ చూసి, నవ్వు ఆపుకోలేక కూతుర్ని కూడా పిలిచి చూపించింది. ఇంక ఏమీ అడగలేదు.

రెండోసారి వంకరగా, భయంభయంగా, అచ్చం పాత దానిలాగే పెట్టాను. ఆ అబ్బాయి తల ఊపి ముద్ర వేశాడు. ఖాతా తెరిచినట్టు సందేశం వచ్చిన రోజు అక్క మిద్దె మీద నుంచి చుట్టుపక్కల వంటిళ్ళన్నీ వినేలా కేకేసింది, "ఆయ్, మా చెల్లి ఖాతా అయిపోయిందండీ."

ఆ తరువాత ఆ వీధిలో ఎందరినో ఆమె అలాగే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరి డబ్బూ ముట్టుకోలేదు. పక్కన కూర్చునేది, అంతే. మనలో చాలామందికి అదే తక్కువ.

రెండేళ్ళ కిందట ఆమె మోకాళ్ళు ఇక మెట్లు ఎక్కలేమన్నాయి. ఖలాస్, ఇక చాలు అని ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ చెల్లెలి ఇంటి వీధిలోనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. తన వడ్డీతో తన బియ్యం, తన మందులు. ఫోను చేస్తే, "చెల్లెలే నా దగ్గర అప్పుడప్పుడూ తిని వెళ్తోందే" అనేది గర్వంగా. చివరి రోజు కూడా తన పొయ్యి మీద తను వండుకున్న అన్నమే తిందని ఆ పిల్ల చెప్పింది. కాలో చెయ్యో పడిపోయి ఎవరి మీదైనా ఆధారపడాల్సి వస్తుందేమోనని నేను రోజూ భయపడతాను కదా, ఆ మాట వినగానే నా గుండె ఎంతో ఉప్పొంగింది. మనిషి పోయిందని ఏడుస్తూనే ఉప్పొంగింది.

ఊరికి వెళ్ళాలని మామాకు చెప్పాను. పక్కింటి వంటమనిషేనా అంది. అవునన్నాను. పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, తిరిగి వచ్చాక కూడా నీ దగ్గరే ఉంచుకో అంది. ఇప్పుడది నా దిండు కింద ఉంది. ఎలుకలు కొరుకుతాయేమోనని గంటకోసారి చూసుకుంటున్నాను. టికెట్టు నా ఖాతాలోని డబ్బుతోనే కొన్నాను. ముందు కోనసీమ, ఆ తరువాతే మా ఊరు.

అక్క చెల్లెలి కూతురు నన్ను ఎప్పుడూ చూడలేదు. "బస్సు దిగాక మిమ్మల్ని ఎలా పోల్చుకోనండి పిన్నిగారూ?" అని అడిగింది. ఆకుపచ్చ చీర కట్టుకుని వస్తాను, బస్సు దిగిన చోటు నుంచి కదలను అని చెప్పాను. వచ్చే నెల మొదటి సోమవారం.