అంచుకు తగిలిన బంతి

టేబుల్ టెన్నిస్ ఇంగ్లండులో భోజనాల బల్ల మీద పుట్టిందంటారు. వలకు బదులు పుస్తకాలు నిలబెట్టి ఆడేవారట. ఏలూరులో మేమూ అలాగే మొదలుపెట్టాం. రీడింగ్ రూములో రెండు బల్లలు జతచేసి, మధ్యలో చర్చలకు తెచ్చుకున్న లావుపాటి పుస్తకాలు పేర్చేవాళ్లం. ఆరింటికి ఆట, ఏడింటికి అవే బల్లల చుట్టూ దేవుడి మీదా కులం మీదా వాదన. ఎవరేం చెప్పినా నేనడిగేది ఒక్కటే: "రుజువేదండీ?"

నాతో రోజూ ఆడే మిత్రుడిది కైకలూరు. ఏలూరులో గడియారాలు బాగుచేసేవాడు. మాట మెత్తన, దెబ్బ గట్టిది. బంతిని ఈడ్చి కొట్టాక "కాస్త చూసుకోండి" అనేవాడు. మా బ్యాట్లకు స్పాంజి లేదు, బుడిపెల రబ్బరే. చప్పుడు వీధిలోకి వినపడేది.

మాకు అంపైరు లేడు. బంతి బల్ల అంచుకు రాసుకుంటే పాయింటు కొట్టినవాడిదే; కానీ ఆ వైపు ఆడేవాడే "తగిలిందండీ" అని ఒప్పుకోవాలి. మా ఆటంతా ఆ మాట మీదే నడిచేది.

అతను కైకలూరులో చేపల దాణా దుకాణం పెట్టుకోవడానికి వెళ్లిపోయే ముందురోజు చివరి ఆట ఆడాం. ఇరవై–పంతొమ్మిది, ఆధిక్యం నాది; ఇంకొక్క పాయింటొస్తే ఆట నాదే. అతను కొట్టిన బంతి నా వైపు అంచును గీరి కిందపడింది. ఆ చిన్న చప్పుడు విన్నాను.

"తగిలిందాండీ?" అన్నాడు.

"రుజువేదండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వి బ్యాటు కింద పెట్టాడు. సత్యం గురించి గంటలు గంటలు మాట్లాడిన నా నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

తర్వాత ఆటే మారిపోయింది. ఇరవై ఒకటి పాయింట్ల ఆట పదకొండుకు కుదించారు. బంతి లావెక్కింది, సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. టీవీలో ఆట చూస్తూ ఆ పాత చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను. ఎక్కడా వినపడదు.

పోయిన నెల ఉండబట్టలేక కైకలూరు వెళ్లాను. దాణా బస్తాల మధ్య, దళసరి కళ్లద్దాలతో కూర్చున్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు నేను.

"ఆ రోజు బంతి తగిలిందండీ."

మూతి బిగించి అన్నాడు: "రుజువేదండీ?"

"చప్పుడు విన్నానండీ."

"అయితే ఇరవై–ఇరవై. సర్వీసు మీదండీ."

ఇద్దరం ఒకేసారి చుట్టూ చూశాం, ఎక్కడైనా బల్ల ఉందేమోనని.