శనివారం లంక ప్రయాణం

మా వారి కంటినరం ఎండిపోతోందని, మిగిలిన చూపు కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరుగారు చెప్పారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక మా వారు ఒక్క మాటే అడిగారు. పి.గన్నవరం అవతల గోదావరి లంకలో, పెళ్ళైన కొత్త నుంచీ తాను అర్చకత్వం చేసిన వేణుగోపాలస్వామిని ఒకసారి చూసి రావాలని.

"ఆ నవ్వు చూడాలే," అన్నారు.

నల్లరాతి స్వామి. పెదవుల మీద సన్నగా నవ్వుంటుంది. ఏళ్ళ తరబడి పొద్దున్నే అభిషేకం చేసి, తడి తుడిచి, తిరుమణి నామం దిద్దిన ముఖం అది. ఇప్పుడు గోదావరి ఒడ్డు కోసుకుంటూ గుడి ప్రహరీ దాకా వచ్చేసింది. స్వామిని లంక నడుమకు తరలిస్తారని అనుకుంటున్నారు గాని, కొత్త గుడికి ఇంకా పునాదులే పడ్డాయి. అది పైకి లేచేసరికి ఈయనకు చూపుండదు. చూస్తే ఇప్పుడే చూడాలి.

మా మరిదిగారబ్బాయి కారు తెస్తానన్నాడు. మా వారు ఒప్పుకోలేదు. "వరద రోజులు, కారు రేవు దగ్గర ఆగిపోవలసిందే కదరా. ఎప్పుడూ బస్సులోనే వెళ్ళేను. ఏ మలుపెక్కడొస్తుందో నా ఒంటికి తెలుసు. కార్లో ఎక్కడున్నానో నాకు తెలీదు."

"బస్సులో మగాళ్ళకి సీటెక్కడిది పెదనాన్నా, ఆడాళ్ళకి టిక్కెట్టు తీసేసేక? పెద్దమ్మ కూర్చుంటుంది, మీరు రాడ్డు పట్టుకుని వేలాడాలి," అన్నాడు వాడు.

"వేలాడతాన్లే. అదీ చూడాలిగా."

ఇన్నేళ్ళూ ఆయన వెనక నడిచినదాన్నే తప్ప ప్రయాణం నేనెప్పుడూ ఆలోచించి కూర్చలేదు. బడికి వెళ్ళలేదు, మా నాన్నగారు వీధరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన చదువే నాది. ఆ చదువుతో బస్సు బోర్డులు చదవగలుగుతున్నందుకు నాన్నగారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అంబాజీపేట నుంచి వచ్చే పూలావిడని ఏ బస్సు ఖాళీగా ఉంటుందో అడిగాను. బండారులంక నుంచి చీరలు తెచ్చే ఆవిడ, గన్నవరంలో గోదావరి మీది కాలవ వంతెన, అదే అక్విడెక్టు, దాని దగ్గర దిగితే రేవుకి షేరాటోలు ఉంటాయని చెప్పింది. లంకలో ఇప్పుడు అర్చన చేస్తున్నవాడు మా వారి దగ్గర చదువుకున్నవాడే. అతనికి ఫోను చేశాను.

"దారి మునిగిపోయిందండి, పడవ తిప్పుతున్నారండి. గురువుగారిని తీసుకురండి, రేవులో నేనుంటాను," అన్నాడు.

శుక్రవారం వెళ్దామనుకున్నాం. మడిబట్టలు సంచిలో పెట్టాను. ఆయన బయట తినరు కనుక అటుకులు, అరటిపళ్ళు సర్దాను. ముందురోజు సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి ఆయన అన్నారు, "ఏమేవ్, రేపు శుక్రవారం. పడమటికి వారశూల కదూ?"

నిజమే. శుక్రవారం పడమటి దిక్కుకు ప్రయాణం కూడదు. అమలాపురం నుంచి మేం వెళ్ళేది పడమటికే. తప్పనిసరైతే ఇంత బెల్లం నోట్లో వేసుకుని గడప దాటవచ్చునని మా అత్తగారు అనేవారు. ఆ మాటే చెప్పాను.

"తప్పనిసరైనవాళ్ళకి అది. మనకి శనివారం ఉందిగా," అన్నారు.

నాకూ అదే మంచిదనిపించింది. స్వామి దగ్గరికి వెళ్తూ దోషంతో ఎందుకు వెళ్ళాలి? సంచిలోంచి అరటిపళ్ళు తీసి గాలికి పెట్టి, శనివారం వస్తామని లంకకి ఫోను చేసి చెప్పాను.

శనివారం బస్సులో కండక్టరు నాకు సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చి, "అమ్మగారు ఉచితమండి. తమరికే డబ్బులండి అయ్యగారూ," అన్నాడు.

"దక్షిణ పుచ్చుకునేవాడినే ఎప్పుడూ. ఈ రోజు ఇవ్వనీ," అన్నారు మా వారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకమ్మాయి లేచి ఆయనకి సీటిచ్చింది. దిగగానే ఆటో దొరికింది. పడవలో సరంగు ఆయన చెయ్యి పట్టుకుని సొంత తండ్రిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి. ఎవరు మమ్మల్ని ఇలా నడిపిస్తున్నారో ఆయనకి దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను.

రేవులో శిష్యుడున్నాడు. మా వారి కాళ్ళకి మొక్కి, లేచి, తల వంచుకునే నిలబడ్డాడు.

"నిన్న ఎగువనించి నీళ్ళు వదులుతున్నారని కబురొచ్చిందండి. లంక పెద్దలు ఇంక ఆగలేమన్నారండి. నిన్న లగ్నం బావుంది, మళ్ళీ ఇప్పట్లో లేదు. మీకు ఫోను చేసేనండి, కలవలేదండి."

మా వారికి అర్థమైపోయింది. నాకు కాస్సేపు పట్టింది.

స్వామిని కదిలించేముందు విగ్రహంలోని దైవకళను మంత్రంతో కలశంలోకి తీసుకుంటారు. కళాకర్షణ అంటారు. ఆ తర్వాత కలశమే దేవుడు. రాతికి కొత్తబట్ట కప్పేస్తారు. మళ్ళీ ప్రతిష్ఠ అయ్యేదాకా దాన్ని చూడకూడదు. నిన్న అదే అయిపోయింది.

"సాంగంగా చేసేవా?" అని అడిగారు మా వారు.

"ఆయ్. మీరు నేర్పినట్టే చేసేనండి."

లంక నడుమ తాటాకుల పాకలో కలశం ఉంది. మామిడాకులు, కొబ్బరికాయ, చుట్టూ పసుపుబట్ట. పక్కనే ఒక మూల, నిలువెత్తున, తెల్లబట్ట చుట్టి తాళ్ళు కట్టిన స్వామి. మా వారు కలశానికి సాష్టాంగం చేశారు. లేవడానికి నేనూ శిష్యుడూ చెరో రెక్కా పట్టుకోవలసి వచ్చింది.

లంక పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చారు. "అయ్యగారికి ఒక్కపాలి బట్ట తొలగిస్తే ఏమవుతుందండి? అందరం బయటికి పోతాం. ఎవరు చూడొచ్చేరు?"

శిష్యుడు నా వైపు చూశాడు. ఔనని అనమని నా ప్రాణం కొట్టుకుంది. దోషమేదైనా ఉంటే నాకు తగలనీ అని కూడా అనుకున్నాను.

"వద్దండి," అన్నారు మా వారు. "చూడకూడదని వీడికి చెప్పింది నేనేనండి."

బట్ట చుట్టిన ఆ రాతి వైపు ఆయన తిరగనైనా లేదు. ప్రసాదం తీసుకుని బయటికి వచ్చేశాం.

దేవుడు కలశంలో ఉన్నాడని నాకు తెలుసు. నమ్ముతాను కూడా. ఆయన దర్శనం కాలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కాని ఈయన అడిగింది ఆ ముఖం. ఇంత చిన్న కోరికకి ఒక్క రోజు తేడా ఎందుకు పెట్టావని అడగడానికి నాకు నోరు రాలేదు. పోనీ దణ్ణమైనా పెడదామంటే చేతులూ లేవలేదు.

తిరుగు పడవ కోసం రేవులో కూర్చున్నాం. నీళ్ళు ఎర్రగా, బరువుగా పోతున్నాయి. అటుకులు విప్పితే వద్దన్నారు. తరవాత అడిగారు.

"నవ్వు ఎడమవైపు కొంచెం ఎక్కువుండేది కదూ? లేకపోతే కుడివైపా?"

హారతి వేళ గడప అవతల నిలబడి నేనూ ఎన్నో ఏళ్ళు చూశాను. చూసిందల్లా దీపపు వెలుగులో ఒక నల్లని మెరుపు. నా కళ్ళెప్పుడూ స్వామి పాదాల మీదే ఉండేవి.

"ఎడమవైపేనండి," అన్నాను.

"అదే. ఎడమవైపే," అన్నారాయన. పడవ వచ్చేదాకా ఆ మాటే లోపల్లోపల అనుకుంటూ, వేలితో తన పెదవి ఎడమ కొస తడుముకుంటూ కూర్చున్నారు.