మధురవాడ నుంచి వేపమండలు కట్టిన వీధికి

మా అపార్టుమెంటుకి పదకొండేళ్ళుగా చేపలు తెచ్చే అప్పాయమ్మ అయిదు రోజులు వరసగా రాలేదు. వేట నిషేధం రోజుల్లో కూడా తెప్పల మీద దొరికిన నాలుగు కవళ్ళ చేపలో, గుప్పెడు ఎండుచేపలో పట్టుకుని మూడో అంతస్తు ఎక్కే మనిషి ఆవిడ. మంగళవారం సాయంత్రం ఫోను చేస్తే, "ఇంట్లో తల్లి ఉందమ్మగోరూ, సేప ముట్టకూడదు" అని పెట్టేసింది. మా వైపు పిల్లలకు తట్టు పోస్తే ఇంటికి తల్లి వచ్చిందంటారు. పోసింది మనవరాలు గౌరికే అయ్యుంటుంది. నాలుగేళ్ళ పిల్ల. కిందటేడు అమ్మమ్మ వెంట మా ఇంటికి వచ్చి, "మామ్మా, నీ పళ్ళెక్కడెట్టీసినావు?" అని నన్ను అడిగింది. గ్లాసులో ఉన్నాయని చూపించాను. చాలాసేపు చూసి, అవి కరుస్తాయా అంది.

ముప్ఫై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. వైరస్ వ్యాధుల అధ్యాయంలో తట్టు దగ్గరికి వచ్చేసరికి, "టీకా ఉంది కదా, ఇది పోయినట్టే, పరీక్షలో రాదు" అని పేజీ తిప్పించేదాన్ని. నా ప్రయాణానికి కారణం అడిగితే అదే చెప్పాలి. ఈ బ్లాగులో ఇంతవరకూ గుళ్ళూ, జలపాతాలూ, ఎక్కడ ఇడ్లీ బాగుంటుందీ రాశాను. ఈసారిది అలాంటిది కాదు. వెళ్ళదలుచుకున్నవాళ్ళు మాత్రం వివరాలు రాసుకోవచ్చు.

బుధవారం ఉదయం ఏడున్నరకు మధురవాడలో సిటీ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. కార్డులో నా ఫొటో చూసి కండక్టరు రెండుసార్లు నా ముఖం చూశాడు. అప్పటికి సొంత పళ్ళు ఉండేవి నాయనా, అన్నాను. సీటు దొరికింది. ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్స్‌లో దిగేసరికి ఎనిమిదీ ఇరవై. కోచింగ్ సెంటర్ల పిల్లలు వీపున సంచులతో పరుగెత్తుతున్నారు. మే నెలాఖరు ఎండ అప్పటికే నెత్తి మీదికి వచ్చేసింది. అక్కణ్ణుంచి ఫిషింగ్ హార్బరు పక్కనున్న పేటకు ఆటో నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ఇరవై నిమిషాల దారి. నిషేధం కాబట్టి బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. వాటి మీద రంగులు వేస్తున్నవాళ్ళు తప్ప హార్బరులో సందడి లేదు.

ఆటో అబ్బాయి దారంతా కబుర్లే. గాజువాకలో అత్తారిల్లు, ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన బావమరిది, వాడికి ఇతను ఇచ్చిన సలహాలు, వాడు వినకపోవడం. పేట మొదట్లోకి రాగానే బండి ఆపేశాడు.

"ఇక్కడే దిగిపోండి మామ్మగోరూ. ఆ ఈదిలోకి నాను రాను."

ఏమిటయ్యా, పులులున్నాయా అన్నాను.

"తల్లి తిరగతంది. గుమ్మాలు సూడండి. నాకింట్లో సిన్నపిల్లుంది."

చూశాను. వీధిలో ఒక వరసకి నాలుగు, ఎదురు వరసకి మూడు గుమ్మాలకు వేపమండలు వేలాడుతున్నాయి. కొన్ని పచ్చగా, కొన్ని ఎండి ముడుచుకుని. ఎండిన మండలు వీధి చివర, పచ్చివి మొదట్లో. అంటే చివర మొదలై ఇటు నడిచి వస్తోంది. ఏ ఆఫీసులోనూ లేని పటం ఆ గుమ్మాల మీద ఉంది, చదవడానికి చదువు కూడా అక్కర్లేదు. ఆటో అబ్బాయి చదివేశాడు. అతని నంబరు తీసుకుని, పిలిస్తే రావాలి, డబల్ ఇస్తానని చెప్పి దిగాను.

అప్పాయమ్మ ఇల్లు మధ్యలో. గుమ్మం పక్కన అయిదు విస్తరాకులు మడిచి పెట్టి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. లోపల తాలింపు వాసన లేదు, తల్లి ఉన్నన్నాళ్ళూ పొయ్యి మీద నూనె మరగకూడదు. గౌరి చాప మీద, వేపాకు పరిచిన పాతచీర మీద పడుకుని ఉంది. ఒళ్ళంతా ఎర్రటి దద్దు. పక్కన తల్లి పార్వతి విసనకర్రతో కూర్చుంది. మొగుడు గుజరాత్‌లో వెరావల్ రేవున బోటు మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు కుటుంబమంతా అక్కడే. రెండు వారాల కిందట పార్వతి, పిల్ల రైల్లో వచ్చారు. జబ్బు ఆ రైల్లో ఎక్కిందో, ఈ వీధిలో కాచుకుని ఉందో ఎవరూ చెప్పలేరు.

టీకా సంగతి అడిగాను. పిల్లకు ఏడో నెలలో గుజరాత్ వెళ్ళారు. తొమ్మిదో నెలలో వేయించాల్సింది అక్కడ భాష రాక, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి ఏడాది దాటింది. నెల దాటిపోయింది కాబట్టి ఇక వెయ్యరనుకున్నారు. కార్డు వెరావల్‌లో తగరపు పెట్టెలో ఉంది. ఇంతే. ఇందులో దుర్మార్గం ఎవరిదీ లేదు. కిందటేడు ఆ పిల్ల మా సోఫాలో కూర్చున్నప్పుడు టీకాలన్నీ అయ్యాయా అని నేనూ అడగలేదు. బిస్కట్టు ఇచ్చాను.

విస్తరాకుల కథ అప్పుడు తెలిసింది. దద్దు కనిపించిన మూడో రోజున వేపనీళ్ళు పోసి, అయిదుగురు పిల్లలను పిలిచి పెరుగన్నం పెడతారు. తల్లి పిల్ల ఒంట్లో ఉంది కనుక మొదటి ముద్ద ఆ పిల్ల చేత్తోనే ఒక్కొక్కరి నోట్లో పెట్టిస్తారు. ముందురోజు మధ్యాహ్నం అది జరిగింది. వైరస్‌కి ఇంతకంటే మర్యాదైన వడ్డన ఎక్కడా దొరకదు. సోమవారం ఆశా కార్యకర్త వచ్చి ఇంట్లో జ్వరాలున్నాయా అని అడిగితే, పిల్ల నాన్నమ్మగారి ఊరు వెళ్ళిందని అప్పాయమ్మ పంపించేసిందట.

నేను చేతిగడియారం చూస్తూ గౌరి ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి యాభై ఎనిమిది, ఆ వయసుకి నలభై దాటకూడదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఆసుపత్రికి పదండి అన్నాను.

"సూది గుచ్చితే తల్లికి గుచ్చినట్టేనమ్మగోరూ," అంది అప్పాయమ్మ. "కోపమొత్తే ఎవులు మోత్తారు?"

"నా మీద వెయ్యి. డెబ్బై రెండేళ్ళు నాకు. ఆవిడ కొత్తగా నన్నేం చేస్తుంది?"

అప్పాయమ్మ గుమ్మం వైపు తిరిగి వేపమండకు దణ్ణం పెట్టుకుంది. పార్వతి మాత్రం విసనకర్ర కింద పెట్టి, అమ్మను అడక్కుండానే పిల్లను భుజానికెత్తుకుంది. ఫోను చేస్తే ఆటో అబ్బాయి వీధి మొదటికి వచ్చి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. అప్పాయమ్మ చివరి నిమిషంలో గుమ్మానికున్న వేపమండ పీక్కుని వచ్చి ఎక్కింది. వద్దనలేదు. దారిలో గౌరి కళ్ళు తెరిచి నన్ను చూసింది. గొంతు బొంగురుపోయింది.

"పళ్ళెట్టుకొచ్చినావా?"

పెట్టుకొచ్చానని చూపించాను.

పదకొండున్నరకు పెద్దాసుపత్రిలో చేర్చారు. ఖర్చేమీ లేదు. ఆక్సిజన్ పెట్టిన చిన్నవయసు డాక్టరమ్మ బయటికి వచ్చి, పిల్లతో ఈ మధ్య ఎవరెవరున్నారని అడిగింది. ఎవరూ రాలేదంది అప్పాయమ్మ. అయిదు విస్తరాకులు చూశానని నేను చెప్పాను. వాళ్ళెవరో తెలిస్తే, తిన్న మూడు రోజుల్లోపు టీకా వేస్తే కొందరికైనా రాకుండా ఆపవచ్చంది డాక్టరమ్మ. అప్పాయమ్మ వేపమండ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ వెళ్ళాక నాతో మెల్లిగా అంది: "పేర్లు సెప్తే ఆ తల్లులు నా మొకాన మన్నోత్తారు. నాను పిలిసి పెట్టిన అన్నమది."

సాయంత్రం నాలుగుకు జగదాంబ దగ్గర బస్సెక్కి ఆరింటికల్లా ఇంట్లో ఉన్నాను. మామూలుగా అయితే ప్రయాణం ఇక్కడ అయిపోవాలి.

శుక్రవారం ఉదయం ఏడింటికి అప్పాయమ్మ ఫోను చేసింది. గౌరి తెల్లవారుజామున పోయింది. ఆవిడ ఏడవడం లేదు.

"కాయితం ఉందేటి? రాసుకోండి. ఆ డాక్టరమ్మకి మీరు సెప్పండి, నాకు నోరు తిరగదు. గుమ్మం కాడ నూకరాజు కూతురు. దాని పక్కన పోలమ్మ మనవడు. ఆడి సెల్లి. గోడ కాడ ఎర్రమ్మ కొడుకు. ఆకరికి మా మరిది మనవరాలు. మా గౌరి ముద్ద పెట్టిన వరసలోనే సెప్తన్నాను."

ఒకరిని దాటించకుండా, కూర్చున్న వరసలో చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం తిన్నారు కనుక ఇంకా కొన్ని గంటలు మిగిలాయి. ఆసుపత్రికి ఫోను చేసి డాక్టరమ్మకు ఆ పేర్లు చదివాను, పది లోపు ఆశా కార్యకర్త టీకా వేసే నర్సుతో ఆ వీధిలో ఉంది. ఆ పిల్లల ఇళ్ళ తలుపులు తట్టి వాళ్ళను లోపలికి తీసుకెళ్ళింది అప్పాయమ్మేనట. ఒక తల్లి నిజంగానే ఆవిడ ముఖాన మన్ను పోసిందట. అప్పాయమ్మ తుడుచుకుని పక్కింటికి వెళ్ళిందట. ఆ అయిదుగురిలో తరవాత ఇద్దరికి తట్టు పోసింది. ముగ్గురికి పోయలేదు.

పాత జబ్బులు తిరిగి వస్తున్నాయని పేపర్లు రాస్తాయి. ఆ వీధి చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. అవి ఎక్కడికీ వెళ్ళలేదు. టీకా అందని ఒక పిల్ల, తలుపు దగ్గర చెప్పిన ఒక అబద్ధం, చదవకుండా తిప్పిన ఒక పేజీ, ఇలాంటి ఖాళీల్లో కూర్చుని ఉన్నాయి. తరగతి గదిలో ఆ పేజీ తిప్పించింది నేనే. ఆ గదిలో చదివిన ఎంతమంది ఇప్పుడు తల్లులయ్యారో, అమ్మమ్మలయ్యారో నాకు తెలియదు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పేజీ పరీక్షకు వస్తుందమ్మా.

మరొక్కటి, పిల్లలతో ఊళ్ళు తిరిగేవాళ్ళకు: టీకా కార్డు ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. ఏదైనా తప్పిపోయి ఉంటే, నెల దాటిపోయిందని ఊరుకోకండి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో అడగండి. దాటినా వేస్తారు.