మూగమెట్టు దగ్గర ఆగిన పాట

దయ్యాలను నేను నమ్మను. ఇటువంటి అనుభవాలను అచ్చువేయడం పాఠకుల వివేకాన్ని అవమానించడమేనని ఈ పత్రికకే గతంలో రెండుసార్లు ఉత్తరాలు రాశాను. రెండూ అచ్చుకాలేదు. వాటి నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలోని ఒక్క వాక్యాన్ని కూడా నేను వెనక్కి తీసుకోవడం లేదు.

మాది రేపల్లె. కాలువల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. మా లూథరన్ సంఘానికి చాలా ఏళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. సమాధుల దొడ్డిలో ఎవరో మూలుగుతున్నారని సంఘంలో గగ్గోలు పుట్టినప్పుడు, స్వయంగా వెళ్ళి, ఊడిన రేకు ఒకటి గోడకు రాసుకుంటున్నదని తేల్చి, ఆ సంగతిని మినిట్సులోకి ఎక్కించినవాణ్ణి. కాబట్టి నన్ను తేలిగ్గా నమ్మే మనిషిగా లెక్కకట్టవద్దని మనవి.

నా భార్య పేరు సుగుణమ్మ. ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆమె పుట్టిల్లు వేమూరు దగ్గర ఒక పల్లె. ఆ పల్లె చర్చిలోని హార్మోనియం గురించి ముందు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఆమె పుట్టకముందే ఏదో తుఫానులో చర్చిలోకి నీళ్ళు వచ్చి ఆ హార్మోనియం తడిసిందట. ఎండబెట్టి బాగుచేయించారు గానీ ఒక మెట్టు మాత్రం పలకడం మానేసింది. అది మూగమెట్టు. వాళ్ళు రోజూ పాడే సాయంకాలపు కీర్తనలో ఆ స్వరం ఒక్కచోటే వస్తుంది. అదీ పాటలోకెల్లా ఎత్తయిన చోట. అక్కడికి రాగానే పెట్టె మూగబోయేది. దానితోపాటు సంఘమంతా ఒక్క క్షణం ఆగి, తర్వాతి స్వరం దగ్గర మళ్ళీ అందుకునేది. అలా వింటూ పెరిగిన పిల్లలు పాట అంతేననుకున్నారు. తర్వాత కొత్త హార్మోనియం వచ్చింది, కొత్త పిల్లలు సరిగ్గానే నేర్చుకున్నారు. సుగుణమ్మ తరం మాత్రం అక్కడ ఆగుతూనే ఉండిపోయింది.

పుస్తకంలో ఉన్నట్టు పాడవచ్చుగదా అని నేను అంటుండేవాణ్ణి.

“పుస్తకం మా ఊళ్ళో పుట్టలేదుగా అండీ” అనేది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, కూనిరాగంగా తీసినా సరే, ఎత్తున ఆ చోటికి వచ్చి ఆగేది. నలభై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఆ పాట అలాగే వినిపించింది.

ఆమెకు ఒక్కటే కోరిక. చిన్నప్పుడు ఆ పల్లెలోకి ఎవరో ఏనుగును తోలుకొచ్చారట. పిల్లలంతా తొండాన్ని చూస్తుంటే ఈమె దాని కాలి గొలుసును, గొలుసు కింద పుండును చూసింది. గొలుసు లేని ఏనుగును ఒక్కసారి చూడాలండీ అనేది. మన అడవుల్లోనూ ఉంటాయిగదా అంటే, “ఇక్కడ మళ్ళీ మావటివాడు కనబడతాడేమోనని భయం” అనేది. అందుకే విశ్రాంత ఉద్యోగుల బృందంతో కలిసి టాంజానియాలోని ఒక అభయారణ్యానికి వెళ్ళడానికి ఇద్దరం పేర్లు ఇచ్చాం.

ఆ ప్రయాణానికి ముందే ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. రెండు రోజుల్లో తీసేస్తామన్నారు. తీయలేదు. ఎందుకు తీయలేదని నేను అడిగిన ప్రతిసారీ ఒక కొత్త డాక్టరు ఒక కొత్త కారణం చెప్పాడు. ఆమె నాతో ఏదో చెప్పబోయేది, పెదవులు కదిలేవి, గాలి మాత్రం గొట్టంలోంచి బయటికి పోయేది. చివరి వారాల్లో ఆమె గొంతు నేను వినలేదు. ఎవరూ వినలేదు.

ఆమె ఫోనులో సండేస్కూలు పిల్లల కోసం పాడి దాచిన పాటలు ఉండేవి. ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆ ఫోను చెడిపోతే తెనాలిలో ఒక దుకాణంలో ఇచ్చాను. లోపల ఉన్నవాటి జోలికి పోవద్దని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. మొత్తం తుడిచేసి తిరిగి ఇచ్చారు. ఇదేమిటని అడిగితే యజమాని, “ఫోను కొత్తదానిలా పనిచేస్తుంది కదండీ, ఇంకేంటి సార్?” అన్నాడు. ఆ మనిషి మీద నేను చేసిన ఫిర్యాదు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నడవనివ్వండి. నేను బతికున్నంత కాలం నడుపుతాను.

ఆ విధంగా ఈ లోకంలో ఆమె గొంతు ఎక్కడా మిగలలేదు. నాకు పోయినదేమిటో పాఠకులు గ్రహించాలని ఇంత వివరంగా రాశాను.

సుగుణమ్మ పోయి ఏడాది తిరిగాక ఆమె తమ్ముడు ప్రభుదాసు బాపట్ల నుంచి వచ్చి, అక్క చూడాల్సింది మనమైనా చూసివద్దామని పట్టుబట్టాడు. మళ్ళీ బయలుదేరుతున్న బృందంలో ఆమె పేరు స్థానంలో తన పేరు రాయించాడు. అతనూ ఆ మూగమెట్టు చర్చిలో పెరిగినవాడే. బాపట్లలో ఏదో ఆఫీసులో పనిచేసి విరమించాడు. వేళాకోళం లేకుండా ఒక్క మాట మాట్లాడలేడు.

అక్కడ మాకు ఇచ్చిన గైడు పేరు ఎలియా. జీపు తోలేదీ అతనే. మంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు. వాళ్ళ స్వాహిలీలో తాతను ‘బాబు’ అంటారు. అతను నన్ను అలాగే పిలిచేవాడు. “ఇంత దూరం వచ్చి బాబువయ్యావు బావా” అని ప్రభుదాసు ఒకటే నవ్వు. మొదటి రోజు సింహాలు కనిపించాయి. అన్నీ చెట్టు నీడలో వెల్లకిలా పడి నిద్రపోతున్నాయి.

“దీనికా బావా ఇంత దూరం తీసుకొచ్చారు? భోజనాలయ్యాక మా ఆఫీసులో రోజూ చూసేవాణ్ణి” అన్నాడు ప్రభుదాసు.

ఏనుగులు మాత్రం మొదటి రెండు రోజులూ దూరాన బూడిదరంగు మచ్చల్లాగే కనిపించాయి.

మూడో రోజు ఉదయం ప్రభుదాసు రాలేదు. తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసాను ముందురోజు దాదాపు ఖాళీ చేశాడు. కడుపు పట్టుకుని గుడారంలోనే ఉండిపోయాడు. జీపులో వెళ్ళినవాళ్ళం నలుగురమే. ముందు ఎలియా. మధ్య వరుసలో తెనాలి కాలేజీలో లెక్చరరుగా పనిచేసిన మూర్తిగారు, ఆయన శ్రీమతి, ఆమె పక్కన నేను. వెనక వరుస ఖాళీ. నీళ్ళ సీసాల పెట్టె, ప్రభుదాసు మరిచిపోయిన టోపీ తప్ప అక్కడేమీ లేవు.

ఎండిపోయిన ఒక ఏటి ఒడ్డున ఎలియా జీపు ఆపాడు. ఆ ఏట్లో ఏనుగులు కాళ్ళతో ఇసుక తవ్వి, ఊరిన నీళ్ళు తాగుతున్నాయి. ఇంజను ఆపేసి, ఎవరూ మాట్లాడవద్దని సైగ చేశాడు. మూర్తిగారి శ్రీమతి ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టారు.

మందకు పెద్ద ఒక ముసలి ఆడ ఏనుగు. ఒక దంతం సగానికి విరిగి ఉంది. అది నెమ్మదిగా ఒడ్డెక్కి మా వైపు వచ్చింది. నేను దాని కాళ్ళు చూశాను. నాలుగు కాళ్ళూ చూశాను. బురద ఆరి పొరలు కట్టి ఉంది. గొలుసు లేదు, గొలుసు రాసిన మచ్చ లేదు. చూడు సుగుణా అని నోటిదాకా వచ్చింది. పెదవులు బిగించి ఆపుకున్నాను.

అప్పుడు వెనక వరుసలోంచి పాట వినిపించింది.

సన్నగా, మాటలు లేకుండా, ఆడగొంతుతో తీసిన కూనిరాగం. సాయంకాలపు కీర్తన. పొద్దున్నపూట ఆ పాట ఏమిటని కూడా నాకు తోచలేదు. రాగం మెల్లగా మెట్టుమెట్టుగా ఎక్కింది. ఎత్తయిన చోటికి వచ్చింది. ఆగింది. తర్వాతి స్వరం దగ్గర మళ్ళీ అందుకుంది.

నేను వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరగలేదని తర్వాత చాలామంది అడిగారు. తిరిగితే ఆగిపోతుందని భయపడ్డాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ముసలి ఏనుగు నిలబడిపోయింది. తొండం పైకెత్తి, మమ్మల్ని వదిలేసి, జీపు వెనక భాగం వైపు చాచింది. చరణం పూర్తయ్యేవరకూ అలాగే ఉంది. తర్వాత తొండం దించి తన పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎలియా సగం వెనక్కి తిరిగి, గుసగుసగా, చాలా మర్యాదగా మూర్తిగారి శ్రీమతితో అన్నాడు: “అమ్మా, దయచేసి పాడకండి. ఏనుగు బాగా దగ్గరికి వచ్చింది.”

ఆవిడ ఫోను దించి, “నేనెక్కడ పాడానండీ? నోరే విప్పలేదు” అన్నారు, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

ఎలియా ఆవిడ వైపు చూశాడు. వెనక వరుస వైపు చూశాడు. ఇంజను తిప్పాడు.

విచారణ ఎలా చేయాలో ఉద్యోగంలో నేర్చుకున్నాను. సాక్షికి జవాబు అందించకూడదు. మధ్యాహ్నం ఎలియాను పక్కకు పిలిచి, ఉదయం నువ్వు విన్నదేమిటో వినిపించమన్నాను. నా భార్య సంగతి గానీ, ఆ పాట నాకు తెలుసని గానీ చెప్పలేదు.

అతను జీపు తలుపుకు ఆనుకుని, కళ్ళు నేలమీద పెట్టి, రాగం తీశాడు. సరిగ్గా ఆ కీర్తనే. ఎత్తయిన చోటికి వచ్చి ఆగాడు. తర్వాత మళ్ళీ అందుకున్నాడు.

“అక్కడ ఎందుకు ఆగావు?” అని అడిగాను.

“ఆవిడ ఆగింది కదా, బాబూ. ఈ పాట నాకు తెలుసు. మేమూ లూథరన్లమే, మిషనరీలు నేర్పిన రాగమే, మా చర్చిలోనూ స్వాహిలీలో పాడతాం. మా వాళ్ళు ఆ చోటే అందరికంటే గట్టిగా అందుకుంటారు. పాపం, ఆవిడకు ఊపిరి అందలేదేమో అనుకున్నాను.”

నేను అక్కడున్న మడతకుర్చీలో కూర్చుండిపోయాను. అతను నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నాకు తోచిన అభ్యంతరాలన్నీ నేనే లేవనెత్తుకున్నాను. మూర్తిగారు, దుఃఖంలో నాకు తెలియకుండా నేనే కూనిరాగం తీసి ఉంటానన్నారు. ఆయన పెద్దమనిషి, నొప్పించాలని అనలేదు. కానీ నాది ఆడగొంతు కాదు. నేను ఎన్నడూ అక్కడ ఆగి పాడినవాణ్ణి కాను. పైగా నేనే పాడితే పక్కనున్న ఆయన శ్రీమతికి అది వినిపించి ఉండాలి. ఆ దంపతులిద్దరికీ ఏమీ వినిపించలేదు. ఇక ఆ పాటను అలా పాడగల మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొక్కడే ఉన్నాడు. అతను చాలా దూరాన గుడారంలో మంచం మీద ముడుచుకుని ఉన్నాడు.

సాయంత్రం ఆ మనిషికే అంతా చెప్పాను. వేళాకోళం చేస్తాడనుకున్నాను.

“సాక్ష్యం లేందే దేవుణ్ణయినా నమ్మవు గదా బావా నువ్వు” అన్నాడు. “ఎక్కడ ఆగాడన్నావు ఆ గైడు?”

నేను జవాబు చెప్పేలోపే అతనే మంచం మీద లేచి కూర్చుని మెల్లగా రాగం తీశాడు. ఆ చోటికి వచ్చి ఆగాడు. మళ్ళీ అందుకోలేదు.

కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, “అక్క ఒక్క పూట వచ్చింది. నేనేమో పచ్చడి తిని పడుకున్నాను బావా.”

ప్రభుదాసు ఏడవడం నేను సుగుణ భూస్థాపన రోజున కూడా చూడలేదు.

తిరిగి వచ్చాక మూర్తిగారి శ్రీమతిని అడిగి ఆ వీడియో తెప్పించుకున్నాను. కుర్రాళ్ళు పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొని మరీ విన్నాను. అందులో గువ్వల అరుపు ఉంది. ఇసుకను తవ్వే చప్పుడు ఉంది. “దయచేసి పాడకండి” అన్న ఎలియా మాట స్పష్టంగా ఉంది. “నేనెక్కడ పాడానండీ” కూడా ఉంది. ఆ రెండు మాటలకూ కారణమైన పాట మాత్రం లేదు. ఏనుగు తొండం ఎత్తి, ఎవరో చెప్పేది వింటున్నట్టు నిలబడి ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క రాసుకోలేదు.

ఆమె గొంతు నాకు తిరిగి దొరికిందని మీరు అనుకోవచ్చు. దొరకలేదు. ఒక్కసారి విన్నాను, అంతే. ఆ వినడం వల్ల దుఃఖం తగ్గలేదు, పెరిగింది. ఆసుపత్రిలో ఆ పెదవులు చెప్పబోయిన మాట ఏమిటో పాటలో లేదు. ఊపిరి అందలేదేమో అన్న ఎలియా మాట మాత్రం రోజూ వినబడుతోంది.

ఇప్పుడు ప్రభుదాసు నెలకొకసారి బాపట్ల నుంచి రేపల్లెకు వచ్చి మా చర్చిలో నా పక్కన నిలబడుతున్నాడు. మా చర్చిలో ఉన్నది కొత్త కీబోర్డు, అన్ని మెట్లూ పలుకుతాయి. కీర్తన ఎత్తయిన చోటికి రాగానే సంఘమంతా గట్టిగా అందుకుంటుంది. మేమిద్దరం ఆగుతాం. ఒకసారి పాస్టరుగారు నన్ను పిలిచి, “పెద్దయ్యగారూ, పుస్తకంలో ఉన్నట్టు పాడాలండి, పిల్లలు చూసి నేర్చుకుంటారు” అన్నారు. అవునండీ అన్నాను. తర్వాతి ఆదివారమూ ఆగాను.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఎలియా అక్కడ ఎందుకు ఆగాడో మాత్రం నాకు తెలియదు.