ఎత్తుకొచ్చినా సార్

నేను రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కళ్యాణదుర్గం దగ్గర బడి మానేసిన పిల్లల ఆవాస కేంద్రానికి ఇన్‌ఛార్జిగా డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను ఉన్నత పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంటును. డెప్యుటేషన్ అంటే జీతం ఒకచోట, చాకిరీ ఇంకొకచోట. పైగా ఆ కేంద్రానికి ఎవరూ కోరి పోరు. నన్నెందుకు వేశారంటే, నాకు నోరెక్కువ అని పైవాళ్ళకు గట్టి నమ్మకం.

అక్కడి పిల్లలు పదిహేను, పదహారేళ్ళ వాళ్ళు. కొందరు బడి మానేశారు, కొందరిని బడే వద్దనుకుంది. ఒకరిద్దరిని జువెనైల్ బోర్డు పంపింది. జువెనైల్ బోర్డు అంటే పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కేసులు చూసే న్యాయస్థానం. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సభ్యులు కూర్చుంటారు. తప్పు చిన్నదైతే శిక్ష వేయకుండా, మంచి నడవడి షరతు మీద ఇలాంటి చోట ఉంచి చదివిస్తారు. షరతు తప్పితే మాత్రం మళ్ళీ బోర్డు ముందుకే, అక్కడి నుంచి జువెనైల్ హోముకు.

పొద్దున సార్వత్రిక పాఠశాల, అంటే ఓపెన్ స్కూలు, పదో తరగతి పాఠాలు. మధ్యాహ్నం మోటారు వైండింగ్, అంటే కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే పని. మా వైపు వానను నమ్ముకున్నవాడికంటే బోరును నమ్ముకున్నవాడే ఎక్కువ. కరెంటు హెచ్చుతగ్గులకు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి కాబట్టి ఆ పనికి కరువు లేదు. అయితే మా పిల్లల్లో కొందరు పట్టుబడిందే బోర్ల దగ్గర కేబుల్ కోసి రాగి అమ్ముకుంటూ! దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందమ్మా నీ బడి అని తోటి టీచర్లు ఎగతాళి చేసేవారు. తాళం పగలగొట్టడం తెలిసినవాడికే తాళం బాగుచేయడం తొందరగా వస్తుందని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఓబులేసు అలా బోర్డు పంపినవాడే. నల్లమాడ వైపు పిల్లవాడు. తల్లి లేదు, నాయన బెంగుళూరులో కూలి. పెద్దవాళ్ళ వెంట పోయి కేబుల్ కోసి, వాళ్ళు పారిపోతే తానొక్కడూ దొరికాడు. మా దగ్గరికి వచ్చిన కొత్తలో నోరు విప్పేవాడు కాదు. వైండింగ్ నేర్పే బాషా మేస్త్రీ దగ్గర మాత్రం మెల్లగా కుదురుకున్నాడు. ఫిబ్రవరికల్లా, పదో తరగతి పాసవుతాడని నేను ధైర్యంగా చెప్పగలిగిన వాళ్ళలో వాడొకడు. మార్చిలో పరీక్ష.

అదుగో, సరిగ్గా అప్పుడే స్టేషన్ నుంచి ఫోను. మీ పిల్లవాడు మోటారుతో దొరికాడు, తప్పు ఒప్పుకున్నాడు, రేపు బోర్డుకు రిపోర్టు పంపుతున్నాం అని.

బాషా మేస్త్రీని అడిగితే ఆయన తల పట్టుకున్నాడు. దగ్గరి పల్లెలో నారాయణరెడ్డి అనే రైతు మోటారు కాలిపోయింది, బోరు దగ్గర పడేసినా, పిల్లోణ్ణి పంపించి తెప్పించుకో అని చెప్పాడట. మేస్త్రీ ఓబులేసును పంపాడు. ఆ రైతుకు ఫోను చేస్తే స్విచాఫ్. తిరుమల పోయినాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. దర్శనం లైనులోకి పోయేముందు ఫోను డిపాజిట్ చేయాల్సిందే కదా. ఇంట్లోవాళ్ళకు మోటారు సంగతే తెలియదు. మేస్త్రీ తానూ స్టేషనుకు వస్తానన్నాడు గానీ వద్దన్నాను. దొంగ రాగి చివరికి వైండింగ్ షాపుకే చేరుతుందని పోలీసులకు అనుమానం. ఈయన మాట వాడికి సాయం చేయకపోగా, ఈయన మెడకే చుట్టుకుంటుంది.

ఎస్సై కొత్తగా కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, ఉన్నమాట చెప్పాలి. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు, యూనిఫాంతో విచారించకూడదు. ఆ రెండు నియమాలూ పాటించాడు. మామూలు చొక్కాలో ఉన్నాడు, పిల్లవాణ్ణి పక్క గదిలో కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు. ఓబులేసు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇడ్లీ ముట్టలేదు.

"మేడం, నేను కొట్టలేదు, తిట్టలేదు. వాడే చెప్పాడు. ఎక్కడిదిరా అంటే ఫలానా తోటలోంచి ఎత్తుకొచ్చానన్నాడు. అడిగావా అంటే, అక్కడ ఎవరూ లేరు, అందుకే ఊరికే ఎత్తుకొచ్చానన్నాడు. ఇంతకుముందూ ఎత్తుకొచ్చావా అంటే, చాలాసార్లు ఎత్తుకొచ్చానన్నాడు. ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు ఎస్సై.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా సీమలో ఎత్తుకురావడమంటే తేవడం. పెళ్ళివారు చీరె ఎత్తుకొస్తారు, కోడలు నీళ్ళెత్తుకొస్తుంది. ఎస్సై వాళ్ళ కృష్ణా వైపు ఎత్తుకొచ్చాడంటే దొంగిలించాడని. ఊరికే అని వాడన్నది ఎవరినీ పిలవకుండా అని. ఎస్సై చెవికి అది డబ్బివ్వకుండా అని వినబడింది.

ఈ సంగతీ, రైతే మోటారు తెప్పించుకోమన్న సంగతీ చెప్పాను. ఎస్సై నమ్మలేదు. నిజమే, టీచరు తన పిల్లవాణ్ణి వెనకేసుకురాక ఏం చేస్తుంది? మాటకు రెండర్థాలుండొచ్చు గానీ మోటారుకు ఓనరు ఒక్కడే కదండీ, ఆయన్నే చెప్పమనండి అన్నాడు. రైతు ఫోను ఇంకా మూగగానే ఉంది.

అప్పుడు ఏమనిపించిందో, పిల్లవాడి వైపు తిరిగి అడిగాను. ఒకవిధంగా అది ప్రమాదమే. పాత కేసును పోలీసు ముందు నేనే తవ్వుతున్నాను.

"ఓబులేసూ, పోయినేడు కేబుల్ సంగతి సారుకు చెప్పు నాయనా."

వాడు తల దించుకున్నాడు.

"కేబులు దొంగిలిచ్చినా సార్," అన్నాడు తల ఎత్తకుండానే. "అది దొంగతనమే. కోసి అమ్మినాము."

"మరి ఈ మోటారు?" ఎస్సై అడిగాడు.

"దీన్ని దొంగిలీల్యా సార్. ఎత్తుకొచ్చినా."

ఎస్సై కాసేపు వాడి ముఖంలోకి చూశాడు. తర్వాత తలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌ను పిలిచి, ఏమయ్యా, మీ ఊళ్ళో ఇట్లాగే అంటారా అని అడిగాడు. ఆయన నసుగుతూ, అంతే సార్, తమరు కోపంగా ఉన్నారని చెప్పలేదు అన్నాడు. సరిపోయింది!

రిపోర్టు రైతు మాట వినేదాకా ఆపుతానని, పిల్లవాణ్ణి నా పూచీ మీద పంపుతానని ఎస్సై చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం నారాయణరెడ్డి కొండ దిగి, విషయం తెలిసి, తానే స్టేషనుకు ఫోను చేశాడట. ఎస్సైయే తర్వాత నాకు చెప్పాడు నవ్వుతూ. "నేనే ఎత్తుకోని పొమ్మన్న్యా కదప్పా! పిల్లోణ్ణి యాల పట్టుకుంటిరి?" అని ఆయన మీదే అరిచాడట.

ఇంతకీ ఆ సాయంత్రం స్టేషన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు కోపమే వచ్చింది. భయం తీరాక వచ్చే కోపం. ఒరేయ్, మేస్త్రీ పంపినాడని ఒక్క మాట మొదటే అనుంటే ఇంత జరిగేదా, నోట్లో ఏం పెట్టుకున్నావు అని కసిరాను.

"సారు యాడనుంచి అన్న్యాడు, అడిగినావా అన్న్యాడు, ముందు గూడా ఎత్తుకొచ్చినావా అన్న్యాడు మేడం," అన్నాడు వాడు. "ఎవురు పంపినారని అడగల్యా."

ఓబులేసు పరీక్ష రాశాడు, పాసయ్యాడు. నాకు మాత్రం ఆ జవాబు ఉద్యోగంలో మిగిలిన ఏళ్ళకూ సరిపోయింది. ఒకసారి తప్పు చేసిన పిల్లవాణ్ణి అందరూ ప్రశ్నలడుగుతారు. కానీ వాడు దొంగేనన్న జవాబు ముందే మనసులో పెట్టుకుని, దానికి అతికే ప్రశ్నలే అడుగుతారు. వాణ్ణి ఒకరు నమ్మి పనికి పంపి ఉంటారన్న ఊహ ఆ ప్రశ్నల్లో ఉండదు. మా కేంద్రానికి కొత్తగా వచ్చిన టీచర్లందరికీ నేను చెప్పింది ఒక్కటే: పిల్లవాడు ఏం చేశాడని అడిగే ముందు, ఎవరు పంపారని అడగండి.